రూప్లి చెయ్యి అందలేదు

సత్తుపల్లి దాటాక అడవి అంచున ఒక సోలార్ ప్లాంటు ఉంది. రూప్లి, ఆమె భర్త దస్రు అక్కడ పలకలు కడిగేవారు. రోడ్డు మీద పోయే బొగ్గు లారీల దుమ్ము పలకల మీద నల్లగా పేరుకునేది. పొర మందమయ్యేకొద్దీ కరెంటు తగ్గేది. దస్రు పైపుతో నీళ్లు కొడితే, రూప్లి పొడవాటి బ్రష్షుతో రుద్దేది.

ఈ పని పొద్దు పొడవకముందే ముగించాలి. ఎండ పడితే పలకల్లో కరెంటు పుడుతుంది, దాన్ని పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ వేసవిలో, దుమ్ము వల్ల ఎంత నష్టమో కొలిచేందుకు హైదరాబాదు నుంచి మనుషులు వస్తున్నారని తెలిసి, మేనేజరు ఎండెక్కినా కడగమన్నాడు.

అలా ఎండలో కడుగుతున్న ఒక రోజు, ఒక పలక అద్దం పగిలి ఉండటం దస్రు చూశాడు. సైట్ ఇంజనీరు బెంజమిన్‌ను పిలిచాడు.

"గిది పలిగింది సార్. కడగమంటవా?"

"వద్దు, విడిచిపెట్టు. మేనేజరుకు చెప్పొస్త."

దస్రు దాన్ని వదిలి పక్కదానికి జరిగాడు. ఆ వరుసంతా మోసే తడిసిన ఇనుప చట్రం మీద చెయ్యి ఆనించాడు. అంతే, ఆ చెయ్యి ఇనుముకు అతుక్కుపోయింది, మళ్లీ రాలేదు.

రూప్లి బ్రష్షు పారేసి పరుగెత్తింది. బెంజమిన్ వెనక నుంచి ఆమె రెక్క పట్టి లాగాడు.

"ముట్టకు అక్కా. నువ్వు గూడ పోతవ్."

అతను ఎండు వెదురు కర్రతో దస్రును విడిపించాడు. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది. పగిలిన పలక నుంచి కరెంటు చట్రంలోకి పాకిందనీ, దాన్ని భూమిలోకి పంపాల్సిన తీగ ఎప్పుడో తెగిపోయిందనీ ప్రమాదం తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు తేల్చారు. మేనేజరును తీసేశారు. కూలీలకు రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వచ్చాయి.

వానలు తగ్గాక రూప్లి మళ్లీ పనికి వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలను బడికి పంపాలి. చాలా రోజులు బెంజమిన్‌తో మాట్లాడలేదు. ఒక ఉదయం తనే అతని దగ్గరకు వెళ్లింది.

"ఆ పొద్దు నన్నెందుకు ఆపినవ్ సార్?"

"ముట్టుకుంటే నువ్వూ బతకకపోదువు అక్కా."

"ఎరికే. పిల్లలకు తల్లిని మిగిల్చినవ్, మంచిదే చేసినవ్. గని ఆయన నా దిక్కే చూసిండు సార్. నేను రాలేదనుకున్నడేమో."

బెంజమిన్ కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

రూప్లి అక్కడే ఉంది. దస్రు పడిపోయిన వరుస వచ్చినప్పుడు తోటివాళ్లు బ్రష్షు అందుకోబోతారు. ఆమె ఇవ్వదు. చీకటి ఉండగానే ఆ వరుసంతా తనే రుద్ది, తూర్పు తెల్లబడేసరికి దూరంగా వచ్చి కూర్చుంటుంది.