పెద్దోడి చొక్కాకి ఎర్ర కుట్టు

మా మేనత్తకి పిచ్చి పట్టిందన్నవాణ్ని నా ముందుకు తీసుకురండి. పదో తరగతి గడప తొక్కనివాణ్నే గానీ, ఆ మాటకి పెద్ద డాక్టర్ల కంటే గట్టిగా జవాబు చెప్పగలను.

అత్త ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. దుప్పట్లు కలిసిపోకుండా ఒక్కో వార్డుకి ఒక్కో రంగు దారంతో మూలన చిన్న కుట్టు వేసేది. రోజుకి లక్ష దుప్పట్లు. సరే, లక్ష కాదు, నాలుగు వందలు. ఒక్కటీ వార్డు తప్పలేదు.

రెండేళ్ల కిందట మొహాలు మరిచిపోవడం మొదలైంది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

"మతిమరుపు జబ్బే. పూర్తిగా తగ్గదు. కానీ చెయ్యి తిరిగిన పని చాలాకాలం నిలుస్తుంది. పరీక్షలు పెట్టి కంగారు పెట్టకండి" అన్నాడాయన.

ఆ మాటే ఆవిడ కొడుకులిద్దరికీ చెప్పాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. ఇంటికి ఎవరొచ్చినా పెద్ద బావది ఒకటే ఆట. "అమ్మా, నేనెవరో చెప్పు!" కోతిని ఆడించినట్టు! చెప్తే చప్పట్లు, చెప్పకపోతే నిట్టూర్పులు.

ఆ రోజు వృద్ధాశ్రమం నుంచి ఒకాయన కాగితాలు పట్టుకొచ్చాడు. బావ సంతకం పెడితే అత్తని తీసుకెళ్లిపోతారు. ఆయన ముందూ అదే ఆట. అత్త కొడుకు మొహం చూడలేదు. చొక్కా చేతి అంచుకేసి చూసింది.

"నువ్వు చిన్నోడివి కదరా."

"చూశారా! కన్నకొడుకునే పోల్చుకోలేదు" అంటూ బావ కలం తీశాడు.

నేను లేచి అతని చెయ్యి పట్టుకున్నాను. చొక్కా అంచున నీలం దారంతో చిన్న కుట్టు.

"ఈ చొక్కా ఎవరిది బావా?"

"తమ్ముడిది. నాది ఇస్త్రీకెళ్లింది. అయితే ఏంట్రా?"

అల్మరా తెరిచి బట్టలన్నీ మంచం మీద కుమ్మరించాను. పెద్ద బావ చొక్కాలన్నిటికీ ఎర్ర కుట్టు, చిన్న బావ వాటికి నీలం. కొన్ని వెలిసిపోయాయి కూడా. ఇన్ని నెలలూ ఆ ఇంట్లో ఒక్కరి కంటా పడలేదు. నా డేగచూపు కూడా గడ్డి తినడానికి పోయింది.

"జబ్బుందని ఆవిడకి తెలుసు బావా. మీ మొహాలు జారిపోతుంటే సూదీ దారంతో పట్టుకుంటోంది. నువ్వేమో తమ్ముడి చొక్కా తొడుక్కొచ్చి పరీక్ష పెడతావా? సిగ్గులేదూ?"

"నాకేం తెలుసురా..."

"అడిగావా? నేనెవర్ని, నేనెవర్ని అని వచ్చినవాళ్లందరి ముందూ అడిగావు గానీ, ఎలా పోల్చుకుంటున్నావమ్మా అని ఒక్కసారైనా అడిగావా?"

బావ కలం జేబులో పెట్టుకున్నాడు. ఆశ్రమం ఆయన కాగితాలు మడుచుకుని వెళ్లిపోయాడు.

గదిలోకి వస్తూనే తానెవరో తానే చెప్పాలని బావకి చట్టం పెట్టాను. మొదటిరోజు గుమ్మంలో నిలబడ్డాడు. వెనక నుంచి ఒక్క తోపు తోశాను.

"అమ్మా, నేను పెద్దోణ్ని."

"తెలుసులేరా. ఇలా కూర్చో, గుండీ ఊడేలా ఉంది" అంది అత్త.

నిజంగా తెలుసో లేదో ఎవ్వరం అడగలేదు.