వదులు చెయ్యని టైలరు

మా బావ టైలరు. ప్యాంటు కుడతాడు, చొక్కా కుడతాడు, చిరుగు ఎక్కడుందో కనబడకుండా అతుకుతాడు. ఒక్క పని మాత్రం చచ్చినా చెయ్యడు. ప్యాంటు నడుము వదులు చెయ్యడు.

ఎవరైనా బిగుతైన ప్యాంటు పట్టుకుని కొట్టు మెట్లెక్కితే చాలు, మిషను ఆపి, మెళ్ళోంచి టేపు లాగి నడుం చుట్టేసేవాడు.

"నలభై రెండు!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడు. "పోయినేడు ముప్పై తొమ్మిది. ప్యాంటుది తప్పేం లేదండీ. తప్పంతా లోపలున్నవాడిది."

"లోపలున్నది నేనే కదయ్యా!"

"అందుకే, బీపీ, షుగరు, కొవ్వు పరీక్షలు చేయించుకుని రండి. ఆ కాగితం చూశాక మాట్లాడదాం."

వాళ్ళు తిన్నగా ఎదురింటి టైలరు దగ్గరికి పోయేవారు. మా బావ పుణ్యమా అని అతను రెండో మిషను కొన్నాడు. మా అక్క తల పట్టుకునేది.

"మీరు టైలరా, డాక్టరా?"

"డాక్టరు దగ్గరికి ఒళ్ళు బాగాలేకపోతేనే పోతారు. నా దగ్గరికి ప్యాంటు పట్టకపోయినా వస్తారు. ముందు తెలిసేది ఎవరికే?"

అదే కొట్లో కాజాలు కుట్టే నన్నూ వదల్లేదు. భోజనానికి ముందోసారి, తరవాతోసారి కొలిచేవాడు.

ఒకరోజు పొద్దున లైబ్రేరియన్ గారు వచ్చారు. ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చుని, పొట్టమీద పుస్తకం ఆనించి చదివేంతటివారయ్యారు. పదవీ విరమణ సభ దగ్గరపడింది.

"రెండంగుళాలు వదులు చెయ్యవయ్యా."

"చెయ్యను."

"పోనీ, ఒక్కటి?"

"అర కూడా చెయ్యను. కొత్త చొక్కాకి కొలతివ్వండి. చేతులు రెండూ చాపండి."

ఆయన చాపారు. కుడిచెయ్యి నిలబడింది. ఎడమచెయ్యి మెల్లగా కిందికి జారిపోయింది.

"ఎడమది కూడా అండీ."

"చాపాను కదా," అన్నారు. మాట ముద్దముద్దగా వచ్చింది. నవ్వబోతే మూతి ఒకపక్కే కదిలింది.

బావ టేపు వదిలేసి ఆయన్ని పట్టుకున్నాడు. "ఒరేయ్, ఆటో పిలు! టైమెంత? పదీ పది. గుర్తుపెట్టుకో, డాక్టరు అడుగుతాడు!"

డాక్టరు నిజంగానే అదే మొదట అడిగాడు. మెదడుకి పోయే రక్తనాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడిందట. వెంటనే తెచ్చాం కాబట్టి కరిగించే మందు పనిచేసింది.

"బీపీ కొంచెం, షుగరు కొంచెం, కొవ్వు కొంచెం, పొట్ట కొంచెం. దేన్నీ పట్టించుకోలేదు. ఆ కొంచేలన్నీ కలిసి ఇంత పని చేశాయి," అన్నాడు డాక్టరు.

ఆస్పత్రి వరండాలో బావ బెంచీ మీద కూర్చున్నాడు.

"మా అన్నయ్య ప్యాంటు ఒకే ఏడాదిలో మూడుసార్లు వదులు చేశాన్రా," అన్నాడు. "ఒళ్ళు చేస్తున్నాడని సంబరపడ్డాను కూడా. నాలుగోసారి తేవటానికి మనిషే లేడు."

మా అక్కని చేసుకోక ముందటి సంగతి. పదేళ్ళు పక్కన కూర్చున్నా నాకు తెలియదు.

లైబ్రేరియన్ గారు ఇంటికొచ్చారు గానీ ఎడమచేతి వేళ్ళకి పట్టు రాలేదు. ప్యాంటు బొత్తాం భార్య పెట్టాల్సివస్తోందని, సిగ్గుతో గదిలోంచి బయటికి రావటం మానేశారు. ఆ మాట వినగానే బావ వెళ్ళి ఆయన ప్యాంట్లు నాలుగూ పట్టుకొచ్చాడు. బొత్తాలు, హుక్కులు పీకేసి, నడుముకి ఎలాస్టిక్ ఎక్కించటం మొదలుపెట్టాడు.

"బావా, నడుం వదులు చేస్తున్నావు!"

"నోరు మూసుకుని ఆ కత్తెర ఇలా ఇయ్యి."

లైబ్రేరియన్ గారు ఒంటిచేత్తో ప్యాంటు పైకి లాక్కున్నారు. ఎలాస్టిక్ పట్టుకుని సాగదీసి చూశారు.

"ఓరి నీ... నాలుగంగుళాలు సాగుతోందయ్యా!"

"సాగనివ్వండి," అన్నాడు బావ, ఆయన చెప్పులు ముందుకి జరుపుతూ. "పదండి, వీధి చివరిదాకా నడిచొద్దాం."