రేడియో పలికిందని చెప్పండి

మంచు వల్ల బస్సు ఆలస్యమైన ఒక మధ్యాహ్నం, డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో ఒక తెలుగావిడ నా పక్కన వచ్చి కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. ఒళ్లో దుప్పటి చుట్టిన పాత వాల్వ్ రేడియో ఉంది.

"బాబూ, దీన్నొకసారి ఆన్ చేసి చూస్తావా? పలుకుతుందో లేదో," అంది.

దాన్ని ఆవిడ భర్త రెండేళ్లుగా బాగుచేస్తున్నారట. లోపల ఉండే గాజు బల్బుల్లాంటి వాల్వుల్లో ఒక్కటి మాత్రం దొరకలేదు. వారం క్రితం ఆయనకు స్ట్రోక్ వచ్చింది. అప్పటినుంచి కళ్లు తెరవలేదు. ఆవిడ ఎక్కడెక్కడో వెతికి ఆ వాల్వ్ సంపాదించి, తనే బిగించి, రేడియోని హాస్పిటల్‌కి తీసుకెళ్తోంది.

"డాక్టర్స్ హోప్స్ పెట్టుకోవద్దంటున్నారు. ఇది వింటే లేస్తారు బాబూ. తప్పకుండా లేస్తారు."

గోడకున్న ప్లగ్‌లో పెట్టాను. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. స్పీకర్‌లో సన్నగా హోరు మొదలైంది. ఆవిడ చెవి ఆనించి నాబ్ తిప్పుతూనే ఉంది. ఇంతలో కాలిన వాసన వచ్చి, వెనకనుంచి పొగ లేచింది. ప్లగ్ లాగేశాను.

ఆవిడ ఏడవలేదు. వేడి తగ్గని ఆ పెట్టెని మళ్లీ దుప్పట్లో చుట్టింది.

"మాట వినపడింది కదా? నువ్వూ విన్నావు కదా?"

నాకు హోరు తప్ప ఏమీ వినపడలేదు. "విన్నానాంటీ," అన్నాను.

"లేచాక నేను చెప్తే నమ్మరాయన. నీ నంబరివ్వు. కాల్ చేసి ఆయనకిస్తాను, నువ్వు చెప్పు."

రాసిచ్చాను. ఆ తర్వాత రెండు రాష్ట్రాలు మారాను, మూడు ఫోన్లు మార్చాను. నంబర్ మాత్రం మార్చలేదు.