మాస్కు సర్దుకున్న పాపానికి

2008లో జర్మనీలో, కార్ల్స్‌రూహెలోని ఒక చిన్న కాలేజీ నన్ను ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండింటికీ కోచ్‌గా తీసుకుంది. అంతకుముందు నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీకి పి.డి.ని, అంటే ఫిజికల్ డైరెక్టర్‌ని. పెద్ద కాలేజీల్లో ఆటకో కోచ్ ఉంటాడు. చిన్నచోట సున్నంతో గీతలు గీసేదీ, వలలు కుట్టేదీ, ఓడినప్పుడు మాటలు పడేదీ ఒక్కడే.

2020 మార్చిలో కరోనాతో మైదానానికి తాళం పడింది. ఫుట్‌బాల్‌లో ఒళ్లూ ఒళ్లూ తగులుతాయి కనుక దాని ఊసే లేదు. బేస్‌బాల్‌ను వీడియోలో నడిపాను. వీడియోలో బంతి ఏం నేర్పుతాం? సైగలు నేర్పాను. ఈ ఆటలో కోచ్ గీత పక్కన నిలబడి, ఎదుటి జట్టుకు తెలియకుండా చేతి సైగలతోనే ఆజ్ఞలిస్తాడు. ముందు టోపీ ముట్టుకుంటేనే తర్వాతి సైగ చెల్లుతుంది, లేకపోతే అది ఉత్తదే. కానీ కెమెరాలో కనిపించేది భుజాల పైభాగమే, బొమ్మేమో ఆగి ఆగి వచ్చేది. అందుకని సైగలన్నీ ముఖం మీదికి తెచ్చాను, టోపీ నియమం ఎత్తేశాను. చెవి ముట్టుకుంటే బంతిని బ్యాటుకు మెల్లగా తాకించి వదలాలి. ముక్కు ముట్టుకుంటే, బంతి విసరగానే తర్వాతి బేస్‌కి, అంటే పరుగు దారిలోని తర్వాతి మజిలీకి, పరుగెత్తాలి.

వాటిని అందరికంటే బాగా పట్టింది హారిక. కరీంనగర్ అమ్మాయి, మాస్టర్స్ విద్యార్థిని, అక్కడ సాఫ్ట్‌బాల్ ఆడి వచ్చింది. మా జట్టులో ఒక్క మ్యాచ్ ఆడకుండానే చదువు ముగింపుకొచ్చింది. వీడియో కట్టేసే ముందు రోజూ అదే ప్రశ్న: "సార్, గ్రౌండ్‌కు టెర్మిన్ దొరికిందా?"

2021 వేసవిలో ఆ టెర్మిన్, అంటే మైదానం వాడుకునే తేదీ, దొరికింది, ఒకే ఒక్క మ్యాచ్‌కి. కోచ్ మాస్కు తీయకూడదన్నది నియమం. మరుసటి వారమే హారిక దూరంగా ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరాలి.

చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇద్దరు ఔటయ్యారు, మూడోవాళ్లు ఔటైతే ఆట అయిపోయినట్టే. హారిక రెండో బేస్ మీద ఉంది. బ్యాటు మా కెప్టెన్ చేతిలో ఉంది, జట్టులో అతనంత గట్టిగా కొట్టేవాడు లేడు. అలాంటప్పుడు బంతి బ్యాటుకు తగిలేదాకా ఎవరూ కదలకూడదు. చెమటకు మాస్కు జారింది. ముక్కు మీదికి లాక్కున్నాను. హారిక పరుగు తీసింది. మూడో బేస్‌కి రెండడుగుల దూరంలో ఔటయింది. ఆట ముగిసిపోయింది.

కెప్టెన్ హెల్మెట్ నేలకేసి కొట్టి, ఎవరు పరుగెత్తమన్నారని జర్మన్‌లో అరిచాడు. ఆమె నావైపు ఒక్కసారి చూసి, తప్పు తనదేనంది. నేను గ్లవ్స్ సంచిలో సర్దుతూ ఉండిపోయాను. ఇన్నేళ్ల కోచ్‌ని కదా, పరువు అడ్డొచ్చింది. సంచి జిప్పు వేశాకే అందరినీ పిలిచి జరిగింది చెప్పాను. కెప్టెన్ ఆమెను క్షమించమని అడిగాడు.

తర్వాత హారికను పక్కకు పిలిచి, "అక్కడ ఉరకొద్దని నీకు తెలుసు గదమ్మా?" అన్నాను.

"తెలుసు సార్. గని మీరు ముక్కు పట్టుకున్నరు. ఏడాది సంది ఆ సైగ కోసమే చూస్తున్న."

ఆ ఏడాది చివర నేనూ రిటైరయ్యాను. చింత చచ్చినా పులుపు చావలేదు. ట్రామ్‌లో ఇప్పటికీ మైదానం కనిపించే కిటికీ పక్కనే కూర్చుంటాను. ఆ అమ్మాయిని ఒక్కసారి రెండో బేస్ మీద మళ్లీ నిలబెట్టాలని ఉంటుంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. టోపీ నియమం ఎత్తేయకండి. ఎత్తేసి తప్పు చేస్తే, సంచి సర్దకముందే ఒప్పుకోండి.