కుడి తొడ కింద మేక

ఉరుమ్‌కాన్ ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ఒకదాన్ని గుర్రం కొరికేసింది, ఇంకోటి తాడుకూ గుంజకూ మధ్య నలిగి ఊడిపోయింది. మిగిలిన వేళ్లతోనే ముప్పయ్యేళ్లుగా కొచ్‌కోర్ లోయలో గుర్రాల ఒళ్లు పట్టి బాగుచేస్తోంది. ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి, తన్నులు తిని నేర్చుకుంది.

ఆ రోజు ఆమెకు కబురు పంపింది బోరుబాయ్ కాదు, అతని భార్య. తల నరికిన మేక కళేబరం కోసం గుర్రాల మీద కుమ్ముకునే ఆటలో బోరుబాయ్ ఏడేళ్లుగా మొనగాడు. వారం కిందట ఆట మధ్యలో అతని నల్లగుర్రం కుడివైపు తిరగనంది. కొరడా పిడితో నెత్తిన మోదాడు. అది ముందుకాళ్లెత్తి అతణ్ని పడేసింది, పక్కవాడి పక్కటెముకలు రెండు విరగ్గొట్టింది. దానికి పిరికితనం పట్టిందని తేల్చేశాడు. ఆమెకు కబురొచ్చిన మర్నాడే అతని తండ్రి సంవత్సరీకం. మూడూళ్లకు విందు, గుర్రం మాంసం వండాలి. దీన్నే కోస్తానన్నాడు.

ఉరుమ్‌కాన్ వెళ్లేసరికి అతను కత్తి నూరుతున్నాడు.

"నూరుకోరా, నేను వద్దన్లేదు. ఆలోపు నన్ను దాన్ని ఓసారి చూడనియ్యి" అంది.

గుర్రం నోరంతా నెత్తురు, వీపంతా వాతలు. కట్టేస్తే నొప్పెక్కడో చెప్పలేదని తల తాడు విప్పించింది. వెంట్రుకలు మాత్రమే కదిలేంత తేలిగ్గా మెడ మీద చెయ్యి జరిపింది. గుర్రం కన్ను ఆర్పినచోటల్లా ఆగింది. కొత్తల్లుణ్ని బుజ్జగిస్తున్నట్టుందని చూడ్డానికొచ్చి గోడ దగ్గర నిలబడ్డ మగవాళ్లు నవ్వుకున్నారు.

కుడి భుజం వెనక, జీను అంచు కింద కండ పిడికిలిలా బిగిసి ఉంది. అరచెయ్యి ఆనించగానే గుర్రం ఆమెను గోడకేసి నొక్కేసింది. ఊపిరాడలేదు. బోరుబాయ్ కొరడాతో దూకాడు. మొదటి దెబ్బ గుర్రం మొహాన, రెండోది చెయ్యి తియ్యని ఉరుమ్‌కాన్ భుజాన పడ్డాయి. గుర్రం వెనక్కి తన్నిన తన్నుకు మట్టి గోడ పెచ్చులూడింది.

"ఇంకోటి వేశావంటే, రేపు నీ ఎముకలు విరిగినా నేను రాను" అంది నెమ్మదిగా. "మేకని ఏ తొడ కింద నొక్కిపడతావు?"

"కుడి. ఎప్పుడూ కుడే."

"ఏడేళ్లు అంత బరువు ఒక్కచోటే. నీ మోకాలు దిగేదీ ఇక్కడే. తిరగమన్నప్పుడల్లా మేకు దిగ్గొట్టినట్టుంటది దానికి. ఇది పిరికితనమంట్రా?"

అతని మణికట్టు పట్టుకుని అరచేతిని ఆ చోట ఆనించింది. నొక్కొద్దంది, ఊరికే ఉంచమంది. గుర్రం పళ్లు బయటపెట్టింది, చెవులు వెనక్కి వాల్చింది. చాలాసేపటికి అతని వేళ్ల కింద కండ అదిరి, వదులైంది. గుర్రం తల దించి, నోరంతా తెరిచి ఆవులించింది.

మంచు పడేదాకా జీను వెయ్యొద్దని ఉరుమ్‌కాన్ చెప్పింది. మళ్లీ ఆటకు పనికొస్తుందా అంటే తెలియదంది.

అతను కత్తి తుడుచుకున్నాడు. "సరే, దీన్ని వదిలేస్తా. నాన్నకి ఏదో ఒకటి కొయ్యాలి కదక్కా."

వాలు మీద మేస్తున్న గోధుమరంగు ఆడగుర్రాన్ని తెచ్చాడు. దానికి ఏ జబ్బూ లేదు. పిలవగానే వచ్చింది. నలుగురు కాళ్లకు తాళ్లు వేసి పడదోశారు. అది పెనుగులాడుతుంటే ఒకడి పెదవి చిట్లింది, తిట్టుకుంటూ దాని మెడ మీద కూర్చున్నాడు. కత్తి దిగాక దాని గురక ఆగేదాకా ఉరుమ్‌కాన్ నల్లగుర్రాన్ని పట్టుకునే ఉంది. నెత్తురు వాసనకు దాని ఒళ్లంతా మళ్లీ బిగిసింది, భుజం వెనక కండ రాయిలా అయింది.

ఆమె చేతులు తుడుచుకుని, మెడ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.