గంట మోగని పేరు

మా చిన్నప్పటి బడిలో, హాలు గోడ మీద ఒక ఖాళీ ఉండేది...

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో కొండ అంచున ఉన్న హైస్కూలు అది. నల్లటి చెక్క పలక మీద హెడ్మాస్టర్ల పేర్లు బంగారు రంగు అక్షరాల్లో వరసగా ఉండేవి. రెండో పేరుకీ ఆ కింద పేరుకీ మధ్య జానెడు చోటు... ఏమీ లేదు. చేత్తో తడిమితే అక్కడ చెక్క కొంచెం లోపలికి దిగి ఉండేది. ఎవరో చిత్రిక పట్టేసినట్టు.

ఏటా ఆగస్టులో బడి పుట్టినరోజు. ఏడో తరగతిలో అందరికంటే చిన్నపిల్ల ఆ పలక కింద నిలబడి పేర్లు చదవాలి. ఒక్కో పేరుకి ఒక్కో గంట. జర్మనీ నుంచి ఓడలో తెచ్చిన కంచు గంట... మా ఇంట్లో మరచెంబు కిందపడితే అందరం ఉలిక్కిపడేవాళ్ళమే, అలాంటి మోత. ఆ ఖాళీ దగ్గర మాత్రం గంట కొట్టరు. "అక్కడ ఆగి ఊపిరి పీల్చుకో" అని టీచర్ నేర్పించేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది ఆ చిన్నపిల్లని నేనే. నేను అడిగాను.

అప్పటికే నాకు కరపత్రాల పిచ్చి. అడవులు నరకొద్దని, యుద్ధాలు వద్దని శనివారం సంతలో ఎవరేం పంచినా తెచ్చి ట్రంకుపెట్టెలో దాచేదాన్ని. "నీ పెట్టె తెరిస్తే లోకం మారిపోతుంది కాబోలు... ముందు ఆ మంచం మీద బట్టలు మడతపెట్టు" అనేది అమ్మ.

లీనా ఆంటీ మా స్కూలు లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి వచ్చేది. ఎనభై ఏళ్ళుంటాయి. నా ప్రశ్న విని బీరువా అడుగు నుంచి పసుపుబారిన ఓ చిన్న పుస్తకం తీసి ఇచ్చింది. పన్నెండే పేజీలు. బడి చరిత్ర.

వలస వచ్చిన జర్మన్ రైతులు రేకుల షెడ్డులో మొదలుపెట్టారట. పాలు పితికి వచ్చిన పిల్లలు, పాఠాలన్నీ జర్మన్‌లోనే. మూడో హెడ్మాస్టరు హెర్మన్ లింట్నర్ ఆ షెడ్డుని హైస్కూలు చేశాడు. రాతి గోడలు లేపాడు. పొలానికి పోయే ఆడపిల్లల్ని పై తరగతుల్లో కూర్చోబెట్టాడు. ఏటా పేర్లు చదివే ఆనవాయితీ కూడా ఆయన పెట్టిందే... అంతలో మొదటి ప్రపంచ యుద్ధం. శత్రుదేశం మనిషని ఆయన్ని నిర్బంధ శిబిరానికి తీసుకెళ్ళారు, యుద్ధం అయ్యాక ఒక్కడినే ఓడెక్కించి జర్మనీకి పంపేశారు. బడి పేరు మార్చారు. జర్మన్ మాట వినిపిస్తే బెత్తం. పలక మీద ఆయన పేరు చెక్కి తీసేశారు.

మరుసటి ఆగస్టులో పేర్లు చదివే పిల్ల ఆ చోట ఆగిపోయింది. గంట కొట్టేవాడూ ఆగిపోయాడు. అంతే... ఆ ఆగడమే ఆచారమైంది.

"ఆ పిల్ల మా అమ్మ. ఆయన కూతురు" అంది లీనా ఆంటీ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను చదువుతా ఆంటీ. గట్టిగా చదువుతా. ప్రామిస్!"

ఆమె నవ్వలేదు. "అయితే ఈసారి ముందు వరసలో కూర్చుంటాను" అంది.

ఇంటికొచ్చి చెబితే అన్నం తింటున్న నాన్న చెయ్యి ఆగిపోయింది. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. మాకింకా పీఆర్ రాలేదు, అంటే ఎప్పటికీ ఉండిపొమ్మనే అనుమతి.

"ఇప్పుడెందుకమ్మా ఆ గొడవ? మన ఫైల్ ఇంకా ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గరే ఉంది. ఎవరి నోళ్ళలోనూ పడొద్దు."

"స్కూల్ అసెంబ్లీకీ వీసాకీ ఏంటి నాన్నా కనెక్షన్? దట్స్ సో డమ్!"

"ఏయ్, నోరు!" అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ హెడ్మాస్టరు ఇక్కడ ఎన్నేళ్ళున్నాడని చదివావు?"

"ఇరవై."

"మనమొచ్చి మూడేళ్ళు."

అంతే. పెరుగు వడ్డించుకున్నారు. నేను తెచ్చిన చరిత్రతోనే నా నోరు మూసేశారు.

బడి పుట్టినరోజు వచ్చింది. అక్కడ ఆగస్టంటే చలికాలం, గాలికి హాలు కిటికీలు గడగడలాడుతున్నాయి. మొదటి పేరు... గంట. రెండో పేరు... గంట. ముందు వరసలో నీలం కోటు వేసుకుని లీనా ఆంటీ. వెనక తలుపు దగ్గర, ఆసుపత్రి బ్యాడ్జీ అయినా తియ్యకుండా నాన్న. లింట్నర్ పేరు నా నాలుక మీదే ఉంది... నిజంగా ఉంది.

ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాతి పేరు చదివాను. గంట మోగింది.

లీనా ఆంటీ అందరితో పాటే చప్పట్లు కొట్టింది. బయట నా భుజం మీద చెయ్యేసి, "మా అమ్మ కూడా సరిగ్గా ఇంతసేపే ఆగిందట" అంది. ఓదార్చిందో, ఇంకేమైనా అందో... ఇప్పటికీ తెలియదు. మరుసటి ఆగస్టుకి ఆమె లేదు.

పీఆర్ వచ్చింది. ఉత్తరం వచ్చిన రోజు నాన్న కారు ఆపి, స్టీరింగ్ వదలకుండానే, "ఆ పేరు చదివినా ఏమీ అయ్యేది కాదేమో అమ్మా" అన్నారు. ఆయన మీద ఏడాదిగా దాచుకున్న కోపం... ఆ మాటతో ఎటు పోవాలో తెలియక నా మీదికే తిరిగింది.

ఇప్పుడు బ్రిస్బేన్‌లో యూనివర్సిటీలో ఉన్నా. కరపత్రాలు నేనే రాసి పంచుతున్నా. సభల్లో గొంతు చించుకుంటున్నా. కానీ మైకు ముందు ఊపిరి పీల్చిన ప్రతిసారీ, ముందు వరసలో ఓ నీలం కోటు ఎదురుచూస్తూనే ఉంటుంది...

మొన్న ఆగస్టులో మా బడికి వెళ్ళాను. కొత్త హాలు, కొత్త పలక. మూడో పేరు మళ్ళీ రాశారు. ఓ చిన్నపిల్ల గబగబా చదివేసింది... హెర్మన్ లింట్నర్. గంట మోగింది. ఎవరూ తలెత్తలేదు. పక్కన కూర్చున్నావిడ ఫోన్ చూసుకుంటోంది. నూరేళ్ళు పిల్లలంతా కలిసి ఆగిన చోట ఇప్పుడు ఎవరూ ఆగరు. సంతోషించాలి, తెలుసు... కానీ ఆ హాల్లో ఊపిరి బిగబట్టింది నేనొక్కదాన్నే.

మీ బడిలోనూ ఉండే ఉంటుంది, చూసీ చూడనట్టు మీరు దాటేసిన పేరొకటి... ఎవరిది? కింద రాయండి. ఆగకుండా, పేరు పెట్టి రాయండి.