ఖాళీ కెమెరాతో వేసిన లెక్క

బందరులో మా మావయ్యకు ఫోటో స్టూడియో ఉంది. ఆయన అమ్మకు తమ్ముడు. నేను అక్కడ ఫిల్ములు కడిగేదాన్ని. కౌంటరు దగ్గరికి ఎవరైనా వస్తే చప్పుడు కాకుండా చీకటి గదిలోకి వెళ్లిపోయేదాన్ని. అక్కడ ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు.

తుపాను వచ్చిన మరుసటి ఏడు, ఓడలో పనిచేసే మావయ్య స్నేహితుడు ఒక కెమెరా తెచ్చిచ్చాడు. దాని అడుగున చేతిపట్టులా ఉండే చిన్న మోటారు బిగించవచ్చు. అందులో నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే, ఫోటో తీయగానే ఫిల్ము దానంతటదే ముందుకు జరుగుతుంది. సెల్లులు కూడా ఆయనే తెచ్చాడు. అవి అయిపోతే పారెయ్యక్కర్లేదు. ప్లగ్గుకు తగిలించే చిన్న డబ్బాలో పద్నాలుగు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తాయి.

మావయ్యకు ఆ మోటారు ఒక సోకు. నాకు కాదు. చిన్నప్పుడు బావి గిలకలో నా కుడి బొటనవేలు నలిగింది. కణుపు దగ్గర వంగదు. ఆ వేలితో ఫిల్ము జరిపే మీట తిప్పితే కెమెరా అంతా కదిలిపోతుంది, మళ్లీ గురి కుదిరేసరికి తీయాల్సింది దాటిపోతుంది. మోటారు బిగించాక మొదటిసారి నా చేతిలో కెమెరా నిలకడగా నిలిచింది. ఆ రోజు డైరీలో ఒక్క ముక్కే రాసుకున్నాను: "ఇది నాది." ఆ మాట పైకి అనే ధైర్యం అప్పటికి లేదు.

కొన్నాళ్లకు మావయ్య మోపిదేవిలో ఎవరివో పుట్టువెంట్రుకలకు ఆ సెల్లులే తీసుకెళ్లాడు. పది రోజుల క్రితం ఛార్జి చేసి బీరువాలో పడేసినవి. నాలుగు ఫోటోలకే మోటారు ఆగిపోయింది. దివిసీమలో చాలా ఊళ్లలో తుపానుకు పడిపోయిన కరెంటు స్తంభాలు ఇంకా లేవనే లేదు, అక్కడ ఛార్జి చేసే దారి లేదు. మీట తిప్పుతూ మిగతా ఫోటోలు తీశాడు గానీ, పదిమందిలో నవ్వులపాలయ్యానని ఇంటికొచ్చి చిందులేశాడు. టార్చి బల్బు తెచ్చి మామూలు సెల్లుకు ఒకసారి, దీనికి ఒకసారి ఆనించి చూపించాడు.

"చూడవే అమ్మాయ్, గుడ్డి దీపం! పుట్టుకతోనే నీరసం వీటికి. గుడివాడ స్టూడియో ఆయన మోటారు కావాలంటున్నాడు, ఇచ్చేస్తా."

నేను తల వంచుకుని విన్నాను. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఆయన కునుకు తీసేటప్పుడు పరీక్షలు మొదలుపెట్టాను. ఫిల్ము వృథా చేసే తాహతు లేదు కాబట్టి ఖాళీ కెమెరాతోనే. నొక్కడం, లెక్కపెట్టడం, డైరీలో గీతలు గీయడం. మామూలు సెల్లులు మొదట్లో గబగబా తిప్పేవి, డెబ్బై దాటేసరికి మోటారు మూలిగేది. ఛార్జి సెల్లులకు మొదటి ఫోటోకు ఏ చప్పుడో నూట యాభయ్యో ఫోటోకూ అదే. కాకపోతే అయిపోయే ముందు ఏ సూచనా ఇవ్వవు, ఠక్కున ఆగుతాయి. పది రోజులు ఊరికే ఉంచితే వాటంతట అవే ఖాళీ అవుతాయి. అంటే ముందురోజే ఛార్జి చేయాలి, లెక్క తెలిసి ఉండాలి. నా లెక్క రెండు వందల పది. రోలుకు ముప్పై ఆరు చొప్పున అయిదు రోల్స్ తీసినా ఇంకా మిగులుతుంది.

ఆ వేసవిలో అద్దకం పనిచేసే ఒక ముస్లిం కుటుంబం వాళ్లు పెళ్లికి ఫోటోలు కావాలని వచ్చారు. పెళ్లికూతురి నానమ్మ కబురు ఒకటే. ఆడవాళ్ల వైపు ఆడపిల్లే తీయాలి, ఆ ఫిల్ములు కడిగేదీ ఆ పిల్లే, మగవాళ్లెవరూ చూడకూడదు. అలాంటి మనిషి ఊళ్లో నేనొక్కదాన్నే.

పెళ్లిరోజు పొద్దున మావయ్య నాలుగు కొత్త మామూలు సెల్లులు నా ముందు పెట్టాడు. "ఇవి వెయ్యి."

"నావి రాత్రంతా ఛార్జిలో ఉన్నాయండీ."

"చచ్చు సెల్లులే అవి. ఒక్కసారి ఆగాయంటే మోటారు సాయంత్రానికి గుడివాడ బస్సెక్కుతుంది. తర్వాత ఏడవకు."

"ఏడవను," అన్నాను. ఆయన సెల్లులు కౌంటరు మీదే వదిలేసి వెళ్లాను.

లోపల యాభైమంది ఆడవాళ్లు, అత్తరు, గాజుల గలగల. నేను మనసులో లెక్కపెడుతూనే ఉన్నాను. మూడు రోల్స్ అయ్యాయి. నాలుగో రోల్లో పెళ్లికొడుకును లోపలికి తెచ్చి పెళ్లికూతురి పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరి మీదా ఒకే ఎర్ర ఓణీ కప్పి మధ్యలో అద్దం పెట్టారు. ఆ అద్దంలోనే అతను ఆమె ముఖం మొదటిసారి చూడాలి. నానమ్మ నాతో ముందే చెప్పింది, అన్నిటికంటే ఆ ఒక్క ఫోటో ముఖ్యమని.

అప్పుడు ఆగింది. నూట ఇరవై ఎనిమిది.

ఇంకోసారి నొక్కాను. చప్పుడు లేదు. రెండు వందల పది ఎక్కడ, ఇదెక్కడ? ఆలోచించే వ్యవధి లేదు. కెమెరాను గుండెకు ఆనించి, ఎడమ అరచేతి మొదలుతో మీటను నెట్టాను. బిగుతుగా, బరువుగా జరిగింది. ఆ బరువు చేతికి తగలగానే నా తప్పేమిటో తెలిసిపోయింది. ఖాళీ కెమెరాలో మోటారుకు లాగడానికి ఏముంది? ఇక్కడ అది ప్రతిసారీ ఫిల్మును లాగింది.

"ఏమైంది బేటీ?" అంది నానమ్మ.

"ఫోటో అమ్మాయి చూడండే, పిండి పిసుకుతోంది!" అని ఎవరో పిల్ల కిలకిల నవ్వింది.

"ఎవరూ కదలకండి," అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "అద్దం అలాగే పట్టుకోండి. నేను చెప్పేదాకా దించొద్దు."

"దించం లేమ్మా. దూల్హాకేం తొందర, ఇంకో రెండుసార్లు చూసుకుంటాడు," అంది నానమ్మ. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే మూడు ఫోటోలు తీశాను.

బయట పందిట్లో మగవాళ్ల ఫోటోలు ముగించుకుని మావయ్య కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూడగానే అడిగాడు. "ఆగిందా?"

ఆగలేదని చెప్పొచ్చు. లోపల ఏం జరిగిందో ఆయనకు తెలిసే వీల్లేదు.

"ఆగింది, నాలుగో రోల్లో. ఖాళీ కెమెరాతో లెక్కేశాను, ఫిల్ము బరువు చూసుకోలేదు. తప్పు నాది, సెల్లులది కాదు."

"ఎవరిదైతేనేం, ఆగిందా లేదా? ఇలా ఇవ్వు," అని చెయ్యి చాపాడు.

"ఇవ్వను."

"ఏంటీ?"

"ఇవ్వనండీ. నా సెల్లులు నూట ఇరవై ఎనిమిది ఫోటోలు తీశాయి. మీ కొత్త సెల్లులు వేసుంటే రెండో రోలుకే మూలిగేవి. రేపు వలీమా విందుకి ఆడవాళ్ల వైపు మీరు వెళ్తారా మావయ్యా? ఈ ఫిల్ములు మీరు కడుగుతారా?"

చాపిన చెయ్యి మెల్లగా మోకాలి మీదికి వెళ్లింది. "నోరొచ్చిందే నీకు," అన్నాడు. ఆ మాటకు నేను తల వంచుకోలేదు. "రేపటికైనా నా సెల్లులు పట్టుకెళ్లు."

"టార్చిలో వేసుకోండి."

సాయంత్రం అయిదింటికి సెల్లులు డబ్బాలో పెట్టి ప్లగ్గు తగిలించాను. డైరీలో రెండు వందల పది కొట్టేసి నూట ఇరవై ఎనిమిది రాశాను. దాని కింద, పాడైన రోలు ఒకటి వేసి మళ్లీ లెక్కపెట్టాలి అని రాసుకున్నాను. తర్వాత చీకటి గది తలుపు గడియ పెట్టుకుని నాలుగో రోలు కడిగాను.

ఆరబెడుతుంటే మావయ్య బయట నిలబడి తలుపు మీద వేలితో కొట్టాడు. నాకు తెలిసి, తన స్టూడియోలో ఆయన తలుపు కొట్టడం అదే మొదలు.

"అద్దంది వచ్చిందా?"

"మూడిట్లో రెండు కదిలాయి. ఒకటి వచ్చింది."

"చూడొచ్చా?"

"చూడకూడదు. మాటిచ్చాం."

ఫిల్ము చివర క్లిప్పు సరిచేశాను. వెళ్లిపోయాడనుకున్నాను.

"ఆ సెల్లులు పొద్దున ఎన్నింటికి తియ్యాలి?"

"ఏడింటికి," అన్నాను. "నేను తీస్తాను, మీరు ముట్టుకోకండి."